మా మెట్లకి బేసు నేర్పిన మాస్టారు

మా పై మేడ మాస్టారు పోయారు. డిసెంబరు మొదట్లో, పొద్దున్న పూట. కరెంటు ఉండగానే ఇడ్లీ పిండి రుబ్బేసుకోవాలని నేను గ్రైండరు దగ్గర కూర్చున్నాను. మా మనవరాలు పై నుంచి దిగి వచ్చింది. ఆ పిల్ల మెట్లు దూకుతూ దిగే రకం. ఆ రోజు గోడ పట్టుకుని, మెల్లగా దిగింది.

"మామ్మా, ఓపాలి పైకి రా."

"ఏటైనాది? మిషను ఆగిపోనాదేటి? ప్లగ్గు ఊడిపోనాదేమో సూసినావా?"

"మిషను నడుస్తన్నాది మామ్మా. ప్లగ్గు బాగానే ఉన్నాది. మాస్టారే..."

నేను గ్రైండరు ఆపాను. అప్పుడు వినబడింది. పైన ఆయనకి ప్రాణవాయువు ఇచ్చే ఆ యంత్రం ఉఫ్, ఉఫ్ అని ఊదుతూనే ఉంది. ఎవరికి ఊదుతోందో దానికి తెలియదు కదా.

ఈ ఏడాదంతా నేను భయపడింది కరెంటు గురించి. కరెంటు పోతుంది, బేటరీ అయిపోతుంది, వైరు కాలిపోతుంది, నేను బజారుకు వెళ్ళిన పావుగంటలో ఏదో అవుతుంది అని. కరెంటు ఉంది, బేటరీ నిండుగా ఉంది, యంత్రం నడుస్తోంది, అయినా మనిషి పోతాడని నాకు తట్టనే లేదు.

ఈ చర్చి పత్రికకి ఆయన గురించి నాలుగు మాటలు రాయమని పాస్టరు గారు అడిగారు. నేను హిందువుల ఇంటి మనిషిని. చదువు రామాలయం బడిలో మూడో పుస్తకం దాకానే. "నాకేటి రాదండి బాబూ" అన్నాను. "ఆయన్ని మీకన్నా ఎక్కువ ఎవరు విన్నారమ్మా?" అన్నారు. అది నిజం. ఆయన నేల నాకు పైకప్పు. పేర్లు మాత్రం రాయను. ఈ రోజుల్లో ఎవరి పేరైనా కాగితం మీద పెట్టాలంటే నాకు భయం. మా మెట్ల మీద ఆయన తెలుగు వాళ్ళకి మాస్టారు, బర్మా పిల్లలకి సయా. అందరికీ అదే ఆయన పేరు.

వాళ్ళ తాత, మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బర్మా రేవు పనికి వచ్చి ఈ పజుండౌంగ్‌లోనే పాతుకుపోయిన వాళ్ళు. మాస్టారు కుర్రతనంలో ఓడల్లో పని చేశారు, కింద ఇంజను గదిలో. ఆ ఓడలో వంట చేసే ఆయన జమైకా దేశం మనిషట. క్రిస్మస్ వచ్చేసరికి ఓడ ఏదో మండే సముద్రంలో ఉండేది. ఆ వంటాయన చేతులు తుడుచుకుని, బేసు గిటారు తీసి, పండగ పాటలు వాళ్ళ దేశం బాణీలో వాయించేవాడట. దాన్నే రెగ్గే అంటారు. "మంచు పాటలు పాడ్డానికి మా దగ్గర మంచెక్కడుందోయ్, మాకున్నది ఎండే, ఎండలోనే పుట్టమంటాం ఏసుని" అనేవాడట. ఆ మాట మాస్టారికి పట్టేసింది. మనకీ డిసెంబరంటే చెమట ఆరే నెల తప్ప మంచు కురిసే నెల కాదు కదా. ఓడ పని మానేసి వచ్చేటప్పుడు అందరూ గడియారాలు, చీరలు తెచ్చుకుంటే ఈయన దుప్పట్లో చుట్టి ఒక బేసు గిటారు తెచ్చుకున్నారు. ఏటి గట్టున ఫ్యాన్లు బాగుచేసే చిన్న షాపులో పనికి కుదిరి, సాయంత్రాలు చర్చి పిల్లలకి పాట నేర్పడం మొదలుపెట్టారు. తాతల నాటి తెలుగు క్రిస్మస్ పాటలు అవే. నడక మాత్రం రెగ్గే.

మొదట్లో చర్చి పెద్దలు ఊరుకోలేదు. "డోలక్కు మానీసి ఈ కుంటి నడకేట్రా?" అని ఒక పెద్దాయన నిలదీశాడట.

"కుంటి నడక కాదు పెద్దయ్యా, గాడిద నడక," అన్నారట మాస్టారు. "నెలలు నిండిన ఏసు తల్లిని ఎక్కించుకున్నాది. గాడిద గెంతుతాదేటి? ఇలగే నడుస్తాది. గెంతితే తల్లి ఊరుకుంటాదా?"

ఆ పెద్దాయన నవ్వాపుకోలేక దగ్గొచ్చి బయటికి వెళ్ళిపోయాడని చెప్పేవారు. ఆ తర్వాత ఇంకెవరూ అడ్డు పెట్టలేదు.

నేను కూడా మొదట దెబ్బలాటకే వెళ్ళాను. అప్పుడు నేను కొత్తగా విధవరాలిని, ఇంట్లో చీమ కదిలినా ఉలిక్కిపడేదాన్ని. పైన ఆయన బేసు మొదలుపెట్టగానే కింద మా గోడ మీద పైడితల్లి అమ్మవారి పటం టకటకమని కొట్టుకునేది. మేకు ఊడి పటం పడుతుందేమో, అద్దం పగిలితే అరిష్టమేమో అని నాకు ఒకటే గుబులు. కొంగు బిగించి పైకి వెళ్ళాను.

"ఏటి మాస్టారూ ఈ గోల? మా అమ్మవారు పడిపోతన్నాది!"

"పడిపోడం కాదప్పా. తలూపుతన్నాది. ఆవిడకి నచ్చినాక మధ్యన మీకేటి?"

కిందికి వచ్చి చూస్తే, నిజంగానే తలూపుతున్నట్టే ఉంది. సాయంత్రం ఆయనే సుత్తి పట్టుకుని వచ్చి, పెద్ద మేకు దిగ్గొట్టి, పటం వెనక గుడ్డముక్క పెట్టి వెళ్ళారు.

నన్ను అప్పా అనేవారు, అంటే అక్కా అని. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. నేను ఉప్మా గిన్నె పంపితే ఆ గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగి రాలేదు. చిన్న బెల్లంముక్కో, రెండు పచ్చిమిరపకాయలో ఉండేవి. భార్య పోయాక కూడా అంతే. ఇంట్లో ఏమీ లేని రోజున గిన్నెలో చిటికెడు ఉప్పు వేసి పంపారు. టీ పళ్ళెంలో పోసుకుని తాగేవారు. వాయించేటప్పుడు చెప్పులు విడిచేవారు. పిల్లల చేత కూడా విడిపించేవారు. చెవులకి వినబడకపోయినా ఫరవాలేదు, బేసు అరికాళ్ళకి అందాలి అనేవారు. తప్పు కొడితే మూడు భాషల్లో తిట్టేవారు. తెలుగులో మొదలుపెట్టి, బర్మాలోకి వెళ్ళి, చివరికి ఓడల ఇంగ్లీషులో దిగేవారు. ఆ మూడోది ఏమిటో మాకెవరికీ తెలియదు, చర్చివాళ్ళకి తెలియకపోవడమే మంచిది.

ఈ రెగ్గేలో ఏముందో నాకు ఒకసారి చెప్పారు. మామూలు పాటలో మొదటి దెబ్బ గట్టిగా పడుతుందట. దీంట్లో ఆ మొదటి దెబ్బ దగ్గర డప్పు ఊరుకుంటుందట. ఆ ఖాళీలో మనిషి ఊపిరి తీసుకుంటాడట. చెప్పి, నా మొహం చూసి అన్నారు: "నీకు బయ్యం మొదటి దెబ్బకే వొచ్చీస్తాదప్పా. ఆ ఒక్క దెబ్బా వొదిలీ. తర్వాత కూడా బయమేస్తే అప్పుడు బయపడు, ఎవలు వొద్దన్నారు?"

నాకు వదలడం చేతకాలేదు. చేతకాదు.

క్రిస్మస్ రౌండు అంటే మా సందు సందంతా ఎదురు చూసేది. చర్చి కుర్రాళ్ళంతా తెల్లచొక్కాలు వేసుకుని వచ్చేవారు. సైకా, అంటే మన మూడు చక్రాల రిక్షా, దాంట్లో మనిషి కూర్చునే చోట స్పీకరు, కాళ్ళు పెట్టుకునే చోట పెద్ద బేటరీ. సైకా తొక్కే బర్మా ఆయన తల ఊపుకుంటూ మెల్లగా తొక్కేవాడు, వెనక వీళ్ళు పాడుకుంటూ నడిచేవారు. మాస్టారి పద్ధతి ఏమిటంటే, చర్చి వాళ్ళ ఇళ్ళకి చివర వెళ్ళేవారు. ముందు మా లాంటి వాళ్ళ గుమ్మాలు, బర్మా వాళ్ళ గుమ్మాలు. "మనోలు ఎలగూ వింతారు, తప్పించుకోనేరు," అనేవారు. మేడ దిగలేని ముసలివాళ్ళు ఉంటే స్పీకరు మూతి ఆ కిటికీ వైపు తిప్పించేవారు.

అలా తిప్పించే కిటికీల్లో ఒకటి మా మెట్ల మీదే, నాలుగో మేడలో ఉంది. అక్కడ ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు ఉంటారు. పెద్దావిడ తల్లి తెలుగు మనిషి, తండ్రి బర్మా ఆయన. తెలుగు అర్థమవుతుంది, మాట మాత్రం రాదు. బుద్ధుడికి దీపం పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, రౌండు వచ్చినప్పుడల్లా గరిటెతో కిటికీ చెక్క మీద కొట్టేది. ప్రతిసారీ తప్పే కొట్టేది. మాస్టారు కింది నుంచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవారు. "ఆవిడొక్కర్తినీ తిట్టనేను, ఎత్తులో ఉన్నాది," అనేవారు.

తర్వాత ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంజను గదిలో మింగిన పొగంతా ముసలితనంలో బయటికొస్తోందని ఆయనే అనేవారు. కరోనా వచ్చినప్పుడు చర్చివాళ్ళు చందాలు వేసుకుని కొన్న యంత్రం ఒకటి ఉంది. గదిలో గాలి పీల్చుకుని మనిషికి ప్రాణవాయువు ఊదుతుంది. దాన్ని ఆయన మంచం పక్కన పెట్టారు. పెట్టారు సరే, కరెంటు ఏది? మా వరసకి కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు. అందుకని రౌండుకి స్పీకరు నడిపే బేటరీని కూడా అక్కడికే తెచ్చారు. కరెంటున్నప్పుడు అది నిండేది, లేనప్పుడు ఆయనకి ఊపిరి పోసేది.

ఒకరోజు జరిగింది చెప్తాను. ఇక్కడ ఉండేవాళ్ళకి తెలుసు, కరెంటు రాగానే సందులో పిల్లలంతా "మీ లాబీ!" అని అరుస్తారు. వచ్చేసిందోచ్ అని. ఆ కేక వినగానే ప్రతి ఇంట్లో చెయ్యి స్విచ్చు మీదికి పోతుంది, చూసుకోం. ఆ రోజు కేక వినబడగానే మాస్టారు తనే వంగి, యంత్రం ప్లగ్గు బేటరీలోంచి పీకి గోడకి గుచ్చేశారు. కరెంటు వచ్చింది ఎదుటి వరస మేడలకి. మా వరసకి రాలేదు. సందుకి ఇటొక లైను, అటొక లైను. అది పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఆయనే మర్చిపోయారు. నేను గంజి పట్టుకెళ్ళేసరికి పెదాలు నేరేడు పళ్ళలా ఉన్నాయి, ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని ఉన్నారు. గంజి ఎక్కడ పడేశానో తెలియదు. ప్లగ్గు పీకి బేటరీకి పెట్టాను. యంత్రం ఉఫ్ అనేదాకా నాకూ ఊపిరి లేదు.

మాట వచ్చాక ఆయన మొదట అన్నది, "ఎదురింటోడి పెళ్ళికి నాను తలంబ్రాలు పోసీసినానప్పా" అని. నవ్వారు. నేను నవ్వలేదు. కూర్చుని ఏడ్చాను.

"ఏడవకు. ఇకమీదట ప్లగ్గు నీది," అన్నారు.

"నాకా? నాకు కరెంటంటే బయం మాస్టారూ."

"అందుకే. దైర్నమున్నోడు మర్చిపోతాడు. బయమున్న మనిషి రెండుపాలు సూసుకుంటాది."

అప్పటి నుంచి ఆ ప్లగ్గు నా పని. "మీ లాబీ" అని కేక వినబడితే ముందు మా గుమ్మంలో బల్బు చూసేదాన్ని, తర్వాత మెట్ల మీది బల్బు చూసేదాన్ని, అప్పుడు పైకి వెళ్ళి ఫ్యాను వేసి చూసి, ప్లగ్గు మార్చేదాన్ని. నా భయం ఎవరికైనా పనికి రావడం నా బతుకులో అదే మొదలు.

ఈ ఏడాది రౌండు జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. వాయించే మగపిల్లలు ఒక్కరూ ఊళ్ళో లేరు. సైన్యానికి పిల్లల్ని పిలవడం మొదలయ్యాక ఏ తల్లి తన పిల్లాడిని ఎటు పంపిందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. డప్పు కొట్టే కుర్రాడు లేడు. గిటారు కుర్రాడు లేడు. బేసు మా మనవరాలికి వచ్చు. చిన్నప్పటి నుంచీ మాస్టారి వెనక తిరిగి నేర్చుకుంది. ఇంకో నలుగురైదుగురు ఆడపిల్లలు, ఇద్దరు ముసలాళ్ళు. అంతే. అయినా మాస్టారు అక్టోబరులోనే వాళ్ళని గదిలోకి పిలిచారు. ముక్కులో గొట్టం పెట్టుకుని, మంచం మీద దిండ్లకి ఆనుకుని నేర్పారు. కరెంటున్నంతసేపే పాట. కరెంటు పోతే స్పీకరు కట్టెయ్యాలి, బేటరీ ఆయన ఊపిరికి. అది నా చట్టం. ఆయన ప్రతిసారీ బేరమాడేవారు.

"ఒక్క పాటప్పా. ఈ ఒక్కటీ అయిపోనీ."

"కుదరదు."

"సగం పాట."

"మాస్టారూ!"

"సరే సరే. ఒలే గుంటా, కట్టీవే. పోలీసొచ్చినాది."

మనవరాలు తొందరగా వాయిస్తే, "గాడిద పరిగెడతన్నాదే! ఆ తల్లికి ఇక్కడే పురుడు పోసెత్తావేటి?" అని అరవబోయేవారు. అరుపు దగ్గు అయిపోయేది. దగ్గు తగ్గేదాకా పిల్లలు నేల చూపులు చూస్తూ నిలబడేవారు.

చివరి వారంలో ఒకనాడు నన్ను ఒక్కదాన్నే ఉంచి అన్నారు. "నానున్నా నేకపోయినా రౌండు ఆగకూడదప్పా. ఆగిపోతే, మాస్టారు సచ్చిపోనాడని ఈ సందుకి నిజంగా తెలిసిపోతాది. మాటియ్యి."

మాటిచ్చాను. అలాంటి మాటలు ఇవ్వకూడదని నాకు తెలుసు. ఆ మొహం చూస్తూ ఎవరు మాత్రం ఇవ్వరు?

ఆయన్ని సమాధి చేసి వచ్చాక గది కడిగాం. పిల్లలు ఏడుస్తూనే పాడుకున్నారు, రౌండుకి తయారయ్యారు. బేటరీ నిండా ఎక్కించి మా గుమ్మంలో పెట్టుకున్నాం. ఇక దానికి వేరే పని లేదు, పాటకే, ఎంతసేపైనా వాయించుకోవచ్చు అని మనవరాలు అంది.

పండగ దగ్గర పడ్డాక నాలుగో మేడ పెద్దావిడకి ఆయాసం ఎక్కువైంది. గుండెలో నీరు చేరిందన్నారు. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపేశారు. కూతురు దిగివచ్చి, మా గుమ్మం బయటే నిలబడి, సయా యంత్రం ఖాళీగా ఉంటే కొన్నాళ్ళు ఇస్తారా అని బర్మాలో అడిగింది. పాస్టరు గారిని అడిగి ఆ పూటే పైకి పంపాం, బేటరీ మాత్రం రౌండుకని కిందే ఉంచుకున్నాం. కరెంటున్నంతసేపూ ఆవిడ కాస్త తేరుకునేది. కరెంటు పోతే కూతురు వీపు నిమురుతూ కూర్చునేది. నేను వెళ్ళి చూసేదాన్ని. మళ్ళీ అవే పెదాలు. మళ్ళీ మంచం కోడు పట్టుకున్న అదే చెయ్యి.

రౌండు ఇరవై నాలుగో తారీకున. రాత్రిళ్ళు తిరిగే కాలం కాదు గనక పొద్దుండగానే ముగించెయ్యాలనుకున్నాం. ఆ రోజు మా వరసకి మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు, మళ్ళీ ఎప్పుడో రాత్రి. నాకు ముందు రోజు నుంచే తిండి సయించలేదు. మనవరాలిని వెంటబెట్టుకుని పబేడాన్‌లో బేటరీలు అద్దెకిచ్చే కొట్లన్నీ తిరిగాను. పండగ పూట ఎవరి దగ్గర ఉంటుంది? ఇంట్లో బేటరీలు ఉన్నవాళ్ళని అడిగాను. వాళ్ళ ఇళ్ళలోనూ ముసలివాళ్ళు ఉన్నారు, పసిపిల్లలు ఉన్నారు. వాళ్ళని ఏమనగలం?

బేటరీ ఒక్కటే. స్పీకరు గంట నడిస్తే సగం తినేస్తుంది. మిగిలిన సగం ఆ యంత్రానికి కరెంటు వచ్చేదాకా చాలదు. మాస్టారితో గడిపిన నెలల్లో ఈ లెక్క నాకు ఒంటికి పట్టేసింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కింద సైకా వచ్చింది. పిల్లలు తెల్లబట్టల్లో నిలబడ్డారు. మనవరాలు గిటారు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మామ్మా, బేటరీ ఇయ్యి. సైకా ఆయన కాసుకున్నాడు."

నేను బేటరీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. "ఇయ్యనే."

"ఏటి?"

"ఇది పైకెల్లాలి. ఆవిడకి."

"మన మెట్ల కింద ఒక్క పాట మామ్మా. తర్వాత నానే మోసుకెల్తాను."

"ఒక్క పాట, ఒక్క పాటని మీ మాస్టారు నన్ను ఎన్నిపాలు మాయ సేసినారో నీకు తెలీదేటి?"

"బేసు నేకుండా అది మాస్టారి పాటేటి మామ్మా? ఉత్తినే నిలబడి పాడితే ఎవలికి తెలుస్తాది అది ఆయన రౌండని? ఆయనకి మాటిచ్చినావు నువ్వు. నాతోనే సెప్పినావు."

"ఇచ్చినాను."

"మరి?"

"నాకేటి తెలీదే తల్లీ. రౌండాగకూడదన్నారు. ఆవిడ ఊపిరీ ఆగకూడదు. నానేటి సెయ్యను? ఎటు సూసినా తప్పే. నన్ను కొట్టీ."

మాస్టారు బతికి ఉంటే ఏం చేసేవారా అని ఆలోచించాను. ఆయనే ఉంటే ఏదో జోకు వేసి ఎవరో ఒకరిని నవ్వించి దారి చూపించేవారు. నాకు జోకు రాలేదు. నా చెయ్యి బేటరీ మీద నుంచి లేవలేదు, అంతే.

అప్పుడు పై మెట్ల మీద నుంచి నాలుగో మేడ కూతురు గొంతు వినబడింది. మా గొడవ ఆ మెట్లలో పైదాకా వినబడుతుంది కదా. బర్మాలో, మామ్మా అని నన్ను పిలిచి, అంది: "ఫ్వా, ఇచ్చెయ్యండి. అమ్మ కూడా పాట వింటానంటోంది. ఆ గంటా నేను విసురుతాను." ఆ పిల్ల చేతిలో తాటాకు విసనకర్ర ఉంది.

మనవరాలు తలెత్తి ఆ విసనకర్ర వైపు చూసింది. తర్వాత మెడలో తెల్ల కండువా తీసి బేటరీ పిడికి చుట్టింది. కింద ఉన్న పిల్లల్లో ఒకదాన్ని పిలిచింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, గోడలకి మోచేతులు గీరుకుంటూ, నాలుగో మేడకి ఎక్కించారు. నేను వెనకే ఎక్కాను. వెళ్ళేటప్పుడు ప్లగ్గు నా చేతికిచ్చి దిగిపోయింది.

ప్లగ్గు గుచ్చాను. యంత్రం ఉఫ్ అంది. గొట్టం ఆవిడ ముక్కుకి సర్ది, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద పాట మొదలైంది. ఏం చెప్పను? పలచగా ఉంది, నీళ్ళ మజ్జిగలాగా. ఆడపిల్లల గొంతులు, ఒక తంబూరీను చప్పుడు, ముసలాళ్ళ దగ్గు. అరికాళ్ళకి ఏమీ అందలేదు. మా సందుకి ఇప్పుడు తెలిసిపోయింది, మాస్టారు లేరని. నేను ఇచ్చిన మాట సగమే నిలబెట్టుకున్నాను. ఆ సగం కూడా నిలబడిందో లేదో ఇప్పటికీ తెలియడం లేదు. మంచం మీద ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. వింటోందో లేదో తెలియదు. కూతురు విసనకర్ర ఇంకా కింద పెట్టలేదు, ఊరికే విసురుతూనే ఉంది. ఈ రాత్రి గడుస్తుందా అని నన్ను కళ్ళతోనే అడిగింది. నేను ప్లగ్గు ఇంకోసారి నొక్కి చూశాను.

ఎదుటి మేడలో ఒకావిడ కిటికీలోంచి వంగి, పక్కింటావిడతో అంటోంది. "ఆ గిటారు గుంటకేటైనాది? తీగ దేనికీ గుచ్చనేదు, అలగే వాయిస్తన్నాది!"

అప్పుడు చూశాను. అందరికన్నా వెనక మా మనవరాలు. గిటారు మెడలోనే ఉంది. తల వంచుకుని వాయిస్తోంది. చప్పుడు లేదు. ఎలా ఉంటుంది? అయినా వేళ్ళు ఆడుతున్నాయి. ఆగవలసిన చోట ఆగుతున్నాయి, కదలవలసిన చోట కదులుతున్నాయి. ఎక్కడా తొందరపడడం లేదు.

పాట అయిపోయింది. వాళ్ళు తర్వాతి గుమ్మానికి కదిలారు. ముందు ఖాళీ సైకా, దాని వెనక పాడే పిల్లలు, చివర మా మనవరాలు. గిటారు నుంచి వేలాడే నల్ల తీగ దాని వెనక రోడ్డు మీద దుమ్ములో ఈడ్చుకుంటూ, సందు మలుపు దాకా పోయింది.